కేరేజీలో వెళ్లిన ఉత్తరం

ఆ రోజుల్లో భిలాయిలో మా తెలుగువాళ్ల మధ్య దేన్నయినా మొదలుపెట్టడం చాలా సులువు, వద్దనుకోవడమే గగనం. పాలాయన్ని మార్చాలనుకుంటే, ఆయన చెల్లెలి పెళ్లికి వెళ్లి కడుపునిండా తిని వచ్చిన సంగతి గుర్తొచ్చేది. ట్యూషన్ మానేద్దామనుకుంటే, మాస్టారూ మనమూ సొంతూరికి ఒకే రైల్లో వెళ్తామన్నది అడ్డొచ్చేది. అలాంటి చోట, ఇల్లు అమ్మిపెట్టే బ్రోకరుతో రాసుకున్న ఒప్పందాన్ని రద్దు చేసే పని నేను నెత్తినేసుకున్నాను. అప్పుడే ఒక కాంట్రాక్టరు ఆఫీసులో టైపిస్టుగా చేరాను. రోజూ ఎవరో ఒకరికి ‘ఇందుమూలముగా’ అంటూ ఇంగ్లీషులో నోటీసులు కొట్టీ కొట్టీ, లోకంలో తెగని ముడి అంటూ ఉండదని గట్టి నమ్మకం కలిగిన వయసు అది.

నాన్న ప్లాంటులో ఫిట్టరు. మేముండేది సెక్టర్ 2లో, కంపెనీ క్వార్టర్లో. నాన్న రిటైరైతే అది ఖాళీ చెయ్యాలి. మరోదాలో మాకో సొంత ఇల్లుంది కానీ, వంటగది కింద, పడకగదులు పైన, మధ్యలో నిటారుగా మెట్లు (కట్టిన మేస్త్రీ అంతకు ముందు నిచ్చెనలు చేసేవాడని నాన్న అనుమానం). అమ్మకేమో మోకాళ్ల నొప్పులు. రిసాలిలో నాన్న షిఫ్టు స్నేహితుడి ఇల్లు అమ్మకానికి వచ్చింది. అన్నీ కిందనే ఉన్న ఇల్లు, వెనక జామచెట్టు. ‘దసరా దాకా మీ కోసం ఆగుతాను, ఆపైన నా వల్ల కాదు’ అన్నాడాయన. ఆలోగా మరోదా ఇల్లు అమ్ముడుపోకపోతే అమ్మ మిగతా జీవితమంతా ఆ మెట్లెక్కుతూ దిగుతూ గడపాల్సిందే.

అమ్మిపెట్టే బాధ్యత చాబీల మామయ్యది. మామయ్యంటే రక్త సంబంధం కాదు. శ్రీకాకుళం వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చి, గది దొరికేదాకా మా వరండాలో పడుకున్నాడు. ఆ వరసలో అమ్మ అక్కయింది, నాన్న బావయ్యాడు. తర్వాత కొత్తగా వచ్చినవాళ్లకు అద్దెగదులు ఇప్పించే పనిలో కుదురుకున్నాడు. నడుముకి తాళంచెవుల గుత్తి, అందుకే చాబీల మామయ్య. మామయ్య వస్తున్నాడంటే మనిషికన్నా ముందు చప్పుడొచ్చేది. “ఒక్క ఇల్లమ్మినాడంటే మనోడి పేరు నిలబడిపోద్దే” అని అమ్మతో చెప్పి, నాన్న ఆయన్ని దుర్గ్ కోర్టు దగ్గరికి తీసుకెళ్లి స్టాంపు కాగితం మీద హిందీలో రాయించేశారు. ఏడాదిపాటు ఆయన ద్వారా తప్ప ఇంకెవరి ద్వారానూ ఇల్లు అమ్మకూడదని.

ఇల్లు మాత్రం అమ్ముడుపోలేదు. మామయ్య ఆదివారం ఆదివారం వచ్చి, అమ్మ చేసిన చేపల పులుసుతో అన్నం తిని, “పార్టీ వచ్చిందక్కా. సూసుకున్నారు. ఆలోచించి సెప్తామన్నారు” అనేవాడు. ఆలోచించేవాళ్లు అలా పెరుగుతూ పోయారు. ఇంతలో బజారులో పెద్ద బ్రోకరు, మేము భయ్యా అని పిలిచే ఒక పంజాబీ ఆయన, తన దగ్గర మంచి గ్రాహక్, అంటే కొనేవాడు, ఉన్నాడనీ, కానీ ముందు మా పాత బ్రోకరు దగ్గర సెలవు తీసుకుని రమ్మనీ చెప్పాడు.

సెలవు తీసుకోవడం నా పని. ఆఫీసులో లంచి వేళ కూర్చుని, ఇంగ్లీషులో నాకొచ్చిన బరువైన మాటలన్నీ పేర్చి ఒక ఉత్తరం టైపు చేశాను. చదివినవాడి గుండె ఆగేలా ఉంది. దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని సైకిలు మీద బయల్దేరుతుంటే అమ్మ వెనక్కి పిలిచి, చేతికి స్టీలు కేరేజీ ఇచ్చింది. “ఉత్త సేతుల్తో ఎలగెల్తావురా? పనసపొట్టు కూర మీ మామయ్యకిష్టం.” వేడి కూర మోసుకెళ్లి మనిషికి నోటీసు ఎలా ఇవ్వాలో మా ఆఫీసులో నాకెవరూ నేర్పలేదు. మామయ్య కూర వాసన చూసి కళ్లు మూసుకున్నాడు. అత్త నాకు ఉప్మా పెట్టింది. ఉత్తరం జేబులోనే ఇంటికొచ్చింది. కేరేజీ మాత్రం మామయ్య ఇంట్లో ఉండిపోయింది.

మా వాళ్లలో ఎవరింటి గిన్నెయినా ఖాళీగా తిరిగివ్వకూడదు. మూడోనాటికి మా కేరేజీ అత్త చేసిన బూరెలతో వచ్చింది. దాన్ని మళ్లీ అమ్మ పులిహోరతో నింపింది. ఇలాగైతే ఈ ఒప్పందం నా మనవల కాలానికి గాని రద్దవదని భయం వేసింది. అప్పుడు నాకొక దివ్యమైన ఉపాయం తట్టింది. పులిహోర పై గిన్నెల్లో ఉంది, అడుగు గిన్నె ఖాళీ. అందులో ఉత్తరం పెట్టి, అత్త చేతికి కేరేజీ అందించి, పనుందని చెప్పి పారిపోయాను. నా మొహం చూడకుండా చదువుకుంటారు, బాధేదో వాళ్లే పడతారు అనుకున్నాను (ఎంత దయగలవాణ్నో!).

రెండు రోజుల్లో కేరేజీ తిరిగొచ్చింది. వెంటనే మూత తీశాను. అడుగు గిన్నెలో నా ఉత్తరం చక్కగా పరిచి ఉంది. దాని మీద జంతికలు. ఆ ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగేవాళ్లెవరూ లేరన్నది నాకప్పుడు గుర్తొచ్చింది. నా బరువైన మాటలన్నీ నూనె పీల్చి పారదర్శకంగా మెరుస్తున్నాయి. తెచ్చిన అత్త అమ్మతో మురిసిపోతూ చెప్తోంది, “నూనె పీల్సడానికి కాయితం కూడా నువ్వే ఎట్టి పంపినావు. నీకున్న ముందుసూపు నాకెక్కడిదొదినా!” అమ్మ ఏమీ అర్థం కాకపోయినా మెచ్చుకోలు కాదనలేదు.

దసరా దగ్గరపడింది. రిసాలి స్నేహితుడు నాన్నని షిఫ్టులో అడగడం మొదలుపెట్టాడు. నాన్న ఒకసారి వెళ్లి, టీ తాగి, వానల గురించి మాట్లాడి వచ్చేశారు. చివరికి అమ్మే లేచింది. “మీ మొగోళ్ల వల్ల కాదు గానీ, నడండి, నాను సెప్తాను.” ముగ్గురం వెళ్లాం. మామయ్య అద్దెకుండేది మేడ మీద గదిలో. అమ్మ కేరేజీ నా చేతికిచ్చి (అవును, ఆ రోజు కూడా) గోడ పట్టుకుని ఎక్కుతూ, సగంలో ఇక కాలు లేవక మెట్టు మీద కూలబడిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మ నొప్పి అని నోటితో అనే మనిషి కాదు. ఇంతకాలం ఇంట్లో మేమంతా మర్యాద చూసుకున్నామే గానీ, ఆ మోకాళ్లను చూసుకోలేదని అప్పుడు తెలిసింది.

తాళాల చప్పుడు గబగబా దిగివచ్చింది. మామయ్య అమ్మ కింది మెట్టు మీద కూర్చుని, ఆమె ఏమీ అనకముందే చేతులు పట్టుకున్నాడు.

“అక్కా, నన్నొగ్గీయే. ఇది నా వల్ల కాదు. అద్దెగదులిప్పించీవోణ్ణి, ఇల్లెప్పుడైనా అమ్మినానేటి? బావ కాయితం రాయించీసి సంతకమెట్టరా అన్నాడు. ఆయనింట అన్నం తిన్నోణ్ణి, కాదని ఎలగనీది?”

నాన్న తెల్లబోయారు. “ఓర్నీ! నువ్వు పైకొస్తావని కదరా నీకిచ్చినాను!”

“మరి వచ్చిన పార్టీలంతా ఏమయ్యారు మామయ్యా?” అన్నాను నేను, ఆఫీసు గొంతుతో.

“ఏటవుతారు? మెట్లు సూసి ఎందుకమ్ముతన్నారని అడిగీవోరు. మా అక్క ఎక్కలేకపోతందని సెప్పీవోణ్ణి. బయటోళ్ల ఇల్లయితే ఏదో ఒహటి సెప్పీసీవోణ్ణి. మనింటి గురించి అబద్దమెలగ ఆడతాన్రా బాబూ?”

ముందు అమ్మ నవ్వింది. కళ్లనీళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. తర్వాత అందరం ఆ మెట్ల మీదే నవ్వుకున్నాం. మామయ్య గుత్తిలోంచి మరోదా తాళంచెవి తీసి నాన్న చేతిలో పెట్టాడు. లోపలికెళ్లి స్టాంపు కాగితం తెచ్చి చింపబోతే, మంగళవారం పూట అలాంటి పనేమిటని అత్త అడ్డుపడింది. బుధవారం పొద్దున్న చింపారు. అంతా పద్ధతి ప్రకారం ఉండాలని నేను ఉత్తరం కొత్త కాపీ తీస్తే, “జంతికల కాయితం మళ్లీ తెచ్చినాడు” అంది అత్త.

పంజాబీ భయ్యా వచ్చిన రోజు నాన్న అమ్మకి గట్టిగా చెప్పారు. “ఈయనకి టీ కూడా ఇవ్వకు, ఇల్లమ్ముడుపోయీదాకా.” దసరా లోపలే అమ్ముడుపోయింది. రిసాలి ఇంటికి సామాను మోసింది మామయ్యే. అమ్మ కొత్త ఇంటి తాళంచెవి ఆయన చేతికే ఇచ్చి తాళం తీయించింది. మామయ్య తలుపు తోసి, ముందుగా నేల వంక చూసి, “మెట్టన్నది లేదక్కా!” అన్నాడు. అంత సంతోషంగా ఇల్లు చూపించిన బ్రోకరుని నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

కేరేజీ ఆ తర్వాత చాలా ఏళ్లు రెండిళ్ల మధ్యా తిరిగింది. మామయ్య పోయాక, అత్త విశాఖలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతూ మా ఇంటికొచ్చింది. సామానంతా కట్టేసింది, వంట లేదు. అయినా కేరేజీ అడుగు గిన్నెలో ఒక బెల్లం ముక్క పెట్టి అమ్మకిచ్చింది. ఇప్పుడది నా దగ్గరుంది. నింపి పంపాల్సిన వంతు మాదే. ఉద్యోగంలో ఆ తర్వాత ఎన్నో ఒప్పందాలు రద్దు చేశాను, ఒక్కదానికీ వెనకాడలేదు. ఈ కేరేజీ ఒప్పందాన్ని మాత్రం రద్దు చేయలేకపోయినందుకు ఆ మనుషులకు ఎంతో రుణపడి ఉన్నాను. జేబులో నోటీసు, చేతిలో వేడివేడి పనసపొట్టు కూరతో సైకిలెక్కిన ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. కూర ఒలక్కుండా ఎంత జాగ్రత్తగా తొక్కాడో పాపం.