వేడినీళ్లకు అడ్డొచ్చిన పచ్చబొట్టు

నా స్నేహితుడు తన చేతి మీదున్న నా పేరు చెరిపించుకున్నాడు. చెరిపించుకొని, ఆ మాట నాతో అనకుండా నన్ను వెంటబెట్టుకొని జపాను దేశం దాకా తీసుకుపోయాడు. నా చేతి మీద వాడి పేరు ఉంది కాబట్టి అక్కడ నన్ను నీళ్లలోకి దిగనివ్వరని వాడికి ముందే తెలుసు. ఎవరు ఏ రంగు పూసి చెప్పినా జరిగింది ఇదే.

మాది బేతంచెర్ల. పడుచుతనంలో వాడూ నేనూ ఒకే గనిలో బండలు తీశాం. తర్వాత వాడు పాలిష్ ఫ్యాక్టరీ పెట్టి ఓనరయ్యాడు, నేను ఇళ్లలో బండలు పరిచే మేస్త్రీనయ్యాను. గనిలో పనిచేసే రోజుల్లోనే ఒక ఏడు అహోబిలం తిరునాళ్లకు పోయాం. పచ్చబొట్లు పొడిచే ఆమె ముందర గొంతుక్కూర్చొని నా ముంజేతి మీద వాడి పేరు, వాడి ముంజేతి మీద నా పేరు పొడిపించుకున్నాం. ప్రాణస్నేహితులు అట్లా పొడిపించుకునే కాలం అది. ఆ తర్వాత ఒకరి కష్టానికి ఇంకొకరు రాకుండా ఉండకూడదు. మేమూ అట్లాగే ఉన్నాం, అది కాదనను.

నేను బడి మొహం చూడలేదు. వాడు ఐదో తరగతి దాకా చదివాడు. తిరునాళ్ల నుంచి వచ్చి చేతి వాపు తగ్గినాక వాడే నా చేయి పట్టుకొని, ఇది ఫలానా అక్షరం, ఇది దీర్ఘం అని వేలు పెట్టి చూపించాడు. నాకు మొట్టమొదట వచ్చిన అక్షరాలు వాడి పేరులోవే. వాటిని లారీల మీద వెతుక్కున్నాను, సినిమా పోస్టర్ల మీద వెతుక్కున్నాను. పక్కనున్న అక్షరాలు ఒకటొకటే అలవాటయ్యాయి. ఈరోజు పేపరు ఈ కొస నుంచి ఆ కొస దాకా చదువుతున్నా, ఇదిగో ఈ నాలుగు ముక్కలు రాస్తున్నా, దాని మొదలు నా చర్మం మీద ఉంది. నా మంటకు కారణం అది.

వాడి చిన్న కూతురు జపానులో ఉద్యోగం చేస్తోంది. వానాకాలంలో ఒకనాడు వాడు మా ఇంటికొచ్చి కూర్చున్నాడు.

"రేయ్, పాప రమ్మంటాంది. ఆడ కొండల్లో వేడినీళ్ల ఊటలు ఉండాయంట. మంచు కురుస్తాంటే ఆ నీళ్లలో కూర్చుంటారంట. నీ మోకాళ్లకు శానా మంచిది. నువ్వూ రా."

గొంతుక్కూర్చొని బండలు పరిచీ పరిచీ నా మోకాళ్లు ఎప్పుడో అరిగిపోయాయి. కింద కూర్చుంటే లేపడానికి ఇంకో మనిషి కావాలి. అయినా, "నాకెందుకప్పా అంత దూరం" అన్నాను.

"నువ్వు రాకుంటే నేనూ పోను" అన్నాడు. ఆ మాట అన్నది వాడే. నేను మరిచిపోలేదు.

లేచి పోతూ గుమ్మం దగ్గర ఆగాడు. "ఇంకోటి. ఆడ గుడ్డలన్నీ ఇప్పేసి దిగాలంట."

"గోచీ అన్నా ఉంచుకోనియ్యరా?"

"గోచీ లేదు గీచీ లేదు. పుట్టినప్పుడు ఎట్లుంటిమో అట్లే."

"ఈ వయసులో మన అందం చూడకుంటే వాళ్లకేం పోయిందిరా!" అన్నాను. ఇద్దరం కళ్ల నీళ్లొచ్చేట్టు నవ్వాం. విమానంలో ఉన్నంతసేపూ నాకు అదొక్కటే దిగులు. పదిమందిలో ఎట్లా విప్పేది, ఎట్లా దిగేది అని. విప్పాలన్న సంగతి చెప్పాడు గానీ, అసలు సంగతి చెప్పలేదు.

పాపతో కలిసి రైలు దిగి, బస్సెక్కి, మంచులో కొండ మీదికి పోయాం. మా గనుల్లో ఎండాకాలం బండ మీద నీళ్లు చల్లితే బుస్సుమని ఆవిరి లేస్తుంది. అక్కడ మంచు మధ్యన, రాళ్ల సందుల్లోంచి దానంతటదే లేస్తోంది. కొయ్యతో కట్టిన పెద్ద ఇల్లు. దాన్ని నడిపే పెద్దామె మోకాళ్ల మీద కూర్చొని స్వాగతం చెప్పి, తొడుక్కోవడానికి వెడల్పు చేతుల పొడుగు అంగీలు ఇచ్చింది. అవి తొడుక్కొని టీ తాగుతున్నాం. నేను కప్పు ఎత్తేసరికి అంగీ చెయ్యి మోచేతి దాకా జారింది. పెద్దామె నా చేతి వంక చూసి, గొంతు తగ్గించి పాపతో ఏదో అంది.

ముచ్చటపడి అడుగుతోందనుకున్నాను నేను.

"చెప్పు పాపా! ఇది మీ నాయన పేరని చెప్పు. మీ నాయన చేతి మీద నా పేరు ఉంటుందని చెప్పు. ఉండు, చూపిస్తా" అని, పక్కన కూర్చున్న వాడి చేయి పట్టుకొని అంగీ పైకి తోశాను. వాడు గుంజుకోబోయాడు. నేను వదల్లేదు.

అక్కడ నా పేరు లేదు. పేరున్న చోట కాలిన పుండు మానినట్టు నున్నగా, పాలిపోయిన మచ్చ ఉంది. వానాకాలం నుంచి వాడు ఉక్కపోతలో కూడా నిండు చేతుల చొక్కా తొడుగుతున్నాడు. "ఓనరు దర్జా!" అని నేను ఎగతాళి చేశాను కూడా.

పాప మొహం చిన్నబోయింది. "చిన్నాయనా, ఈడ పచ్చబొట్టు ఉండేవాళ్లను నీళ్లలోకి దిగనియ్యరు. ఈ దేశంలో రౌడీలు ఒళ్లంతా పొడిపించుకుంటారంట, అందుకని. నాయనకు ఫోన్లో అప్పుడే చెప్పినానే. నీకు చెప్పలేదా?"

వాడు కిటికీలోంచి మంచు చూస్తున్నాడు.

"యాడ తీపిచ్చుకుంటివిరా?"

"కర్నూల్లో. చర్మం డాక్టరు దగ్గర."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీది చూసీ చూడనట్టు పోతారనుకొంటిరా" అన్నాడు మెడ గోక్కుంటూ. అబద్ధం చెప్పేటప్పుడు వాడు మెడ గోక్కుంటాడు. చిన్నప్పటి నుంచీ అంతే.

పెద్దామె చర్మం రంగు ప్లాస్టరు తెచ్చి నా చేతికి అంటించి చూసింది. నా స్నేహితుడికి వాళ్ల నాయన పొడుగు పేరు పెట్టాడు. ఈ పక్క కప్పితే ఆ పక్క అక్షరాలు బయటికొచ్చాయి. ఆమె తలవంచి, మళ్లీ తలవంచి, ఏదో మెల్లగా అంది. ఆమె మీద నాకు కోపం లేదు. ఆమె ఇల్లు, ఆమె పద్ధతి.

ఆ ఇంటి ముందర, దారిన పోయేవాళ్లు కాళ్లు పెట్టుకోవడానికి ఒక రాతి తొట్టి ఉంది. దానికి పచ్చబొట్టు పట్టింపు లేదు. ఉన్నన్నాళ్లూ నేను అందులో కాళ్లు పెట్టుకొని కూర్చున్నాను. నీళ్లు పిక్కల దాకా వచ్చేవి, మోకాళ్లకు అందేవి కావు. వాడు లోపల మునిగి, మొహం ఎర్రగా కమిలి బయటికొచ్చేవాడు. ఒకసారి వచ్చి నా పక్కన కూర్చొని, "ఈడ కూడా బాగనే ఉండాది గదరా" అన్నాడు.

"పోప్పా, పో. నీ చేయి ఖాళీగా ఉండాది, నువ్వు యాడికైనా పోవచ్చు" అన్నాను. వాడు మళ్లీ నా పక్కకు రాలేదు.

తిరిగొచ్చాక ఊళ్లో టీ అంగడి దగ్గర కూర్చోలేకపోయాను. "ఏమప్పా, జపాను దాకా పోయి కాళ్లు కడుక్కొని వచ్చినావంట గదా!" అని ఒకడంటే, "ఆ నీళ్లేవో మన కుందూ ఏట్లో లేవా?" అని ఇంకొకడు. నా స్నేహితుడితో మాటలు మానేశాను. మైదుకూరులో ఒక పెండ్లికి ఇద్దరం పోయాం. ఒకే బంతిలో ఎదురెదురుగా తిన్నాం, పలకరించుకోలేదు.

ఎండలు ముదిరినాక ఒక పొద్దున వాడే వచ్చాడు. మా ఆవిడ మంచినీళ్ల చెంబు ముందర పెట్టి, "ఏమన్నా, జపాను నీళ్లు బాగా పట్టినట్టుండాయే, మెరుస్తాండావు" అంది. వాడు చెంబు ముట్టుకోలేదు. ఆమె లోపలికి పోయేదాకా తల ఎత్తలేదు.

నేను ఒకటే అడిగాను. "తీపిచ్చుకుంటే తీపిచ్చుకుంటివి. నీ చేయి, నీ ఇష్టం. మోకాళ్లకు మంచిదని నన్ను పిల్చుకపోయి, గడప బయట కూర్చోబెడితివి. ముందే ఒక మాట చెప్పేదానికి నీకేం అడ్డొచ్చెరా?"

ఈసారి మెడ గోక్కోలేదు. నా చేతి వంక చూస్తూ చెప్పాడు.

"చెప్పింటే నువ్వూ తీపిచ్చుకునింటావు గదరా. నా చేతి మీద నీ పేరు పోతే పోయిందిలే అనుకొంటి. నీ చేతి మీద నా పేరు పోతుందంటే మాత్రం నాకు మనసొప్పలేదు."