నాలుగు చిల్లులు ఎక్కువ

కరోనా తగ్గి బళ్లు మళ్లీ తెరిచిన మరుసటి ఏడు, మాఘమాసం. నవీపేట నుంచి బోధన్ వైపు పోయే దారిలో ఒక పొలానికి గొలుసు భుజాన వేసుకుని పోయాను. ఒక పక్క చెరుకు కొట్టేసిన మడి, ఇంకో పక్క పసుపు తవ్వుతున్న కూలీలు. భూమి కొలవడానికి ఎన్నో పొలాలు తిరిగాను గానీ, పరుగు కొలవడానికి పోవడం అదే మొదలు.

నాది చైన్‌మన్ పని. సర్వేయర్ భూమి కొలిచేటప్పుడు ఇనుప గొలుసు కొస పట్టుకుని లాగేవాడే చైన్‌మన్. సర్వేయర్ నీడన నిలబడి కాగితం మీద గీస్తాడు, చైన్‌మన్ ముళ్లలో నడుస్తాడు. మా వైపు గొలుసు పొడవు ముప్పై మూడు అడుగులు. అందులో పదహారు భాగాలు, ఒక్కో భాగం ఒక అణా. అటు ఒక గొలుసు, ఇటు ఒక గొలుసు చదరంగా పరిస్తే ఒక గుంట. నలభై గుంటలు ఎకరం. ఇంతే విద్య. ముప్పై ఎనిమిదేళ్లు దీనితోనే బతికాను. ఇప్పుడు ఆకాశంలోని ఉపగ్రహాన్ని అడిగి చెప్పే మిషన్లు వచ్చాయి. నా గొలుసు గోడకెక్కింది. గట్టు తగాదా ఊళ్లోనే తెంపుకుందాం అని ఎవరైనా అడిగితేనే దింపుతాను.

యాభై నాలుగో ఏడు దాకా నాకు అక్షరం రాదు. మా సర్వేయర్ సారు పుణ్యాన, మధ్యాహ్నం సద్ది తిన్నాక, టిప్పన్ మీదే నేర్చుకున్నాను. టిప్పన్ అంటే పొలం కొలతల పటం. అందుకే నేను మొదట నేర్చింది 'అ' కాదు, 'ఉ'. ఉత్తరం. నాలుగు దిక్కులూ వచ్చాక గానీ అమ్మ, ఆవు రాలేదు. అక్షరాలు వచ్చిన సంబరంలో ఒక రేకు ముక్క కోసి, మేకుతో 'ముపై మూడు అడుగులు' అని చెక్కి గొలుసు పిడికి కట్టుకున్నాను. నా రాత చూసుకుంటే నాకే భక్తి పుట్టేది.

ఆ పొలం గంగాధర్‌ది. అతని భార్య పద్మ పెళ్లికి ముందు నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరు. వాళ్లకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది శ్రావణి, పద్నాలుగేళ్లు. చిన్నది మైత్రి, పదేళ్లు. కరోనాలో ఇంట్లో చదివిన చదువే బాగుందని పద్మ పిల్లలను మళ్లీ బడికి పంపలేదు. పరీక్షలు ఓపెన్ స్కూల్లో రాయిస్తుంది. తెల్లారగానే పరుగు, తర్వాత బర్రెల పని, ఎండెక్కాక పుస్తకం, సాయంత్రం కబడ్డీ. పసుపు ఉడకబెట్టేటప్పుడు సైన్సు, పాలు పోసేటప్పుడు లెక్కలు. ఊరు ఊరంతా నవ్వింది.

నన్ను పిలిపించింది పద్మే.

"సాయిలు కాకా, పిల్లల పుస్తకంల మీటర్లున్నయి గని గుంట లేదు. ఊళ్లెనేమో అందరు గుంటలల్లనే మాట్లాడుతరు. నువ్వు గొలుసు పట్టి జెర చూపియ్యి. శ్రావణి ఉరకనీకె రెండు వందల మీటర్ల బాట గూడ గియ్యాలె. రెండు పనులు ఒక్కపారే అయిపోతయి."

గొలుసు చూడగానే మైత్రి కళ్లు రేకు మీద పడ్డాయి.

"తాతా, ముప్పైకి వత్తు లేదు."

"వత్తు లేకుంటే గొలుసు పొట్టిదైతదా? పట్టు ఆ కొస!" అన్నాను.

పట్టింది. రెండు వందల మీటర్లంటే పందొమ్మిది గొలుసుల పద్నాలుగు అణాలు అని పలక మీద లెక్క కట్టింది కూడా ఆ పిల్లే. కొట్టేసిన చెరుకు మడి చుట్టూ గొలుసు లాగి, సున్నంతో గీత గీశాం. తూర్పు గట్టు వెంట తిన్నగా ఐదు గొలుసులు వచ్చింది. శ్రావణి రెండు చుట్లు తిరిగితే నాలుగు వందల మీటర్లు.

గట్టు అవతలి పొలం పోశెట్టిది. ఆయనా గంగాధరూ మాట్లాడుకోక రెండేళ్లు. గంగాధర్‌తో ఏదైనా చెప్పాలంటే పోశెట్టి తన బర్రెతో చెబుతాడు. మేం సున్నం పోస్తుంటే గట్టు మీద నిలబడి మొదలుపెట్టాడు.

"సూశినవానే బర్రే? మనం గట్ల మేస్తం, వీళ్లు గిట్ల ఉరుకుతరు. బడి లేదు, పాడు లేదు. వీళ్లింట్ల దినాం ఆదివారమే!"

గంగాధర్ పళ్లు కొరికి సున్నం పోస్తూనే ఉన్నాడు. నేను గొలుసు లాగుతూనే ఉన్నాను.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. నిజామాబాద్‌లో పరుగు నేర్పే కోచ్‌ను పద్మ కలిసింది. ఆయన ముక్కుసూటి మనిషి. "నాలుగు వందల మీటర్లు డెబ్బై సెకన్ల లోపల ఉరికితే తోల్కరా అమ్మా. లేకుంటే నా టైం ఖరాబ్, నీ బస్సు కిరాయి ఖరాబ్" అన్నాడట. గంగాధర్ దాన్ని పట్టుకున్నాడు. చుట్టాల మాటలు విని విని అతని ప్రాణం విసిగింది.

"ఉగాది లోపల కోచ్ తీసుకుంటే నీ ఇష్టం పద్మా. తీసుకోకుంటే జూన్‌ల ఇద్దరిని హాస్టల్ల వేస్త. ఇగ దీని మీద లొల్లి లేదు."

శ్రావణి మొండి పిల్ల. రోజూ ఉరికింది. డెబ్బై మూడు వచ్చింది, డెబ్బై రెండు వచ్చింది, డెబ్బై ఒకటిన్నర దగ్గర బండి ఆగిపోయింది. గుడ్లు పెట్టారు, రాగి జావ పోశారు, కాళ్లకు నువ్వుల నూనె రాశారు. ఆ ఒకటిన్నర సెకను మాత్రం ఎద్దు పండుకున్నట్టు పండుకుని లేవలేదు. మధ్యలో రెండు మూడు సార్లు చూడటానికి పోయాను. పోయిన ప్రతిసారీ ఒకటే మాట అన్నాను: "గొలుసు అబద్ధం ఆడదు బిడ్డా. కాళ్లే గట్టిగ చెయ్యాలె."

ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాలుక కొరుక్కోవాలనిపిస్తుంది.

ఉగాదికి వారం ఉంది. కోచ్ దగ్గరికి పోవడానికి ఇంకా నాలుగు రోజులే. చెరిగిన సున్నం గీత మళ్లీ గీద్దామని ఆ ఉదయం నేనూ గొలుసుతో పోయాను. ఆ రోజు కూడా డెబ్బై ఒకటిన్నరే. శ్రావణి ఏడుపు మొహంతో బర్రెలు కడగడానికి బోరు దగ్గరికి పోయింది. గంగాధర్ ఫోను జేబులో పెట్టుకుంటూ, "ఇగ పోవుడెందుకు? నవ్వులపాలు" అన్నాడు. పద్మ శ్రావణి వెనకే బోరు వైపు నడిచింది.

మైత్రికి ఇంట్లో ఒక పని ఉంది. చెరుకు డ్రిప్పు పైపుకు నలభై సెంటీమీటర్లకో చిల్లు ఉంటుంది. ఏ చిల్లు మట్టి పట్టి మూసుకుపోయిందో చూసి, పుల్లతో పొడిచి, పుస్తకంలో రాసుకోవాలి. తూర్పు గట్టు వెంట పైపు మన సున్నం గీత పక్కనే పోతుంది. ఆ పిల్ల చిల్లులు లెక్కపెడుతూ వచ్చి నా ముందు ఆగింది.

"తాతా, గీ పక్క ఐదు గొలుసులే గదా?"

"ఐదే."

"ఐదు గొలుసులకు నూట ఇరవై ఆరు చిల్లులు రావాలె. నూట ముప్పై వచ్చినయి. రెండు పార్లు లెక్కపెట్టిన. నాలుగు చిల్లులు ఎక్కువున్నయి."

"పైపు గలత్ ఉంటది. ప్లాస్టిక్ గదా, ఎండకు సాగుతది. నాది ఇనుము!"

"సాగితే చిల్లులు దూరం దూరం అయితయి తాతా. అప్పుడు తక్కువ రావాలె గని ఎక్కువెట్ల వస్తయి?"

జవాబు రానప్పుడు పెద్దవాళ్లు చేసేదే నేనూ చేశాను. "పోయి బర్రెలు సూడు పో" అని కసిరి, గొలుసు భుజాన వేసుకుని ఇంటికి వచ్చేశాను.

మా ఇంటి ముందు బండల మీద రెండు ఇనుప మేకులున్నాయి. నేను పనిలో చేరిన కొత్తలో సర్వేయర్ ఉక్కు టేపుతో కొలిచి కొట్టించినవి. ఒక మేకు నుంచి ఇంకో మేకుకు ముప్పై మూడు అడుగులు. చదువు రాని రోజుల్లో ప్రతి సోమవారం గొలుసు వాటి మీద పరిచి చూసేవాడిని. గొలుసు అన్నాక లాగగా లాగగా కడియాలు అరిగి సాగుతుంది. సాగిన చోట సుత్తితో కొట్టి సరిచేయాలి. చైన్‌మన్‌కు మొదటి పాఠం అదే. రేకు కట్టిన నాటి నుంచి ఒక్క సోమవారం కూడా పరచలేదు. ఎందుకు పరచాలి? ముపై మూడు అడుగులు అని రాసి ఉంది కదా! అదీ నా చేతితో!

పరిచాను. రెండో మేకు దాటి ఒక అడుగు బయటికి పోయింది.

కూర్చుని చూస్తే సంగతి తెలిసింది. మూడేళ్ల కింద ఒక ట్రాక్టరు ఎక్కి పిడి విరిగితే, కమ్మరి దగ్గర కొత్త పిడి వేయించాను. పాతదాని కంటే అది అర అడుగు పొడుగు. కడియాలు సాగి ఇంకో అర అడుగు. శ్రావణి ఉరికింది నాలుగు వందల మీటర్లు కాదు, నాలుగు వందల పన్నెండు. పిల్ల కాళ్లు బరాబరే ఉన్నాయి. సాగింది నా గొలుసు.

అంతటితో అయిపోతే బాగుండేది. పిడి మార్చాక ఆ గొలుసుతో నేను ఒకే ఒక్క భూమి కొలిచాను. పోశెట్టి ఎకరం. గొలుసు పొడుగైతే భూమి తక్కువ పలుకుతుంది. నలభై గుంటలు ఉండాల్సింది ముప్పై ఏడు మీద ముప్పావు వచ్చింది. "రెండుంబావు గుంటలు పోయినయి పోశెట్టీ" అని నేనే చెప్పాను. గంగాధర్ గట్టు జరిపాడని పోశెట్టి అనుకున్నాడు. మాటలు ఆగిపోయాయి, బర్రెకు పని పెరిగింది.

ఈ సంగతి తెలిసింది నాకు ఒక్కడికే. చిన్న పిల్ల మాటను చిన్న పిల్ల మాట అని కొట్టేస్తే నా ముప్పై ఎనిమిదేళ్ల పేరు ఉంటుంది, పిల్లలు హాస్టల్‌కు పోతారు. అన్నం దగ్గర కూర్చున్నాను. కంచం పక్కనే గొలుసు ఉంది. రేకు మీది అక్షరాలు పళ్లికిలించినట్టు కనిపించాయి.

మర్నాడు పొద్దున్నే పోయాను. శ్రావణి పాలు పోయడానికి కేంద్రానికి పోయింది. గంగాధర్, పద్మ, మైత్రి గట్టు దగ్గర ఉన్నారు. అవతల పోశెట్టి, ఆయన బర్రె. మేస్త్రి దగ్గర కొనుక్కున్న టేపు పరిచి, దాని పక్కన గొలుసు పరిచి చూపించాను.

"తప్పు నాది. గొలుసు అడుగు పొడుగుంది. శ్రావణి నెమ్మదిగ ఉరుకుతలేదు, ఎక్కువ ఉరుకుతుంది. పోశెట్టీ, నీ భూమి ఏడికీ పోలే. గీ టేపుతోని మళ్ల కొలుస్త, సూసుకో."

మధ్యాహ్నం దాకా కొలిచాం. నలభై గుంటలకు వీసం తగ్గలేదు. పోశెట్టి టేపు కొస తనే పట్టి ఇంకోసారి చూసుకున్నాడు. తర్వాత అలవాటుగా బర్రె వైపు తిరిగి, ఆగి, నా వైపు తిరిగాడు.

"రెండేండ్లు నన్ను బర్రెతోని మాట్లాడిపిచ్చినవ్ గదరా సాయిలూ! గది గూడ నన్ను ఎర్రోన్ని సూసినట్టు సూస్తుంది!"

గంగాధర్‌కు నవ్వు ఆగలేదు. పోశెట్టి అతని వైపు తిరిగి, రెండేళ్ల తర్వాత మొదటి మాట అన్నాడు. "నవ్వినంత సేపు నవ్వు గని గంగాధర్, నీ చిన్న బిడ్డ లెక్క మంచిగ చేస్తది. పొద్దుమీకి నా మనుమన్ని పంపుత. బడికి పోతడు గని లెక్క రాదు."

పద్మ మాత్రం మమ్మల్ని హెచ్చరించింది. "శ్రావణికి చెప్పొద్దు. గీత గూడ మార్చొద్దు. తక్కువ దూరమని తెలిస్తే కాళ్లు బలం దాసుకుంటయి. గీ మూడు రోజులు గట్లనే ఉరకనియ్యుండ్రి." మైత్రి నోరు మూసుకోవడం ఆ ఇంట్లో మూడు రోజుల పెద్ద పరీక్ష అయింది. ప్రశ్న గొంతు దాకా వస్తే బెల్లం ముక్క పెట్టేవాళ్లు.

నిజామాబాద్ గ్రౌండుకు నేనూ పోయాను. గంగాధర్ మొహం బిగించుకుని ఉన్నాడు. కోచ్ ఈల వేశాడు. శ్రావణి ఉరికింది. మొదటి సగం దాకా ఆ ఎర్ర నేల మీద బెరుకుగా కదిలింది, తర్వాత మా చెరుకు గట్టు గుర్తొచ్చినట్టుంది, విడిచిపెట్టింది. చివరి గీత దాటింది. కోచ్ గడియారం నొక్కాడు. పిల్ల మాత్రం ఆగలేదు. అదే ఊపులో పోతూనే ఉంది.

"ఆగమ్మా! అయిపోయింది!" అని కోచ్ అరిచాడు.

"ఇంకా ఉంది సార్!" అని అరుస్తూనే ఇంకో పన్నెండు మీటర్లు ఉరికి, సరిగ్గా మా సున్నం గీత ఉండాల్సిన చోట ఆగింది.

అరవై తొమ్మిది మీద కొంచెం. కోచ్ గడియారం చూశాడు, పిల్లను చూశాడు. "గీమె ఎక్కడ ఉరికింది ఇన్నాళ్లు? గీత దాటినంక గూడ దమ్ము మిగిలింది!" పద్మ కొంగు కళ్ల మీదికి పోయింది. గంగాధర్ నా భుజం మీద చెయ్యి వేసి, "కాకా, నీ గలత్ గొలుసు మంచి కోచ్" అన్నాడు. హాస్టల్ మాట ఆ ఇంట్లో మళ్లీ వినలేదు.

నా తప్పు ఆ పిల్లకు బలమైంది, నిజమే. కానీ దాన్ని నా గొప్పగా చెప్పుకోను. ఇంకో నాలుగు రోజులు ఎవరూ చిల్లులు లెక్కపెట్టకపోతే అదే గొలుసు ఇద్దరు పిల్లలను ఇల్లు దాటించేది. చదువు రానప్పుడు నాకు తెలియదనే భయం ఉండేది, అందుకే ప్రతి సోమవారం చూసుకునేవాడిని. చదువు వచ్చాక భయం పోయింది, దాంతో చూసుకోవడమూ పోయింది. అక్షరం నేర్చుకోవడం మంచిదే. కానీ రాసింది మనమే అయినా, దాన్ని మేకుల మీద పరిచి చూడాలి.

పాత రేకు తీసేశాను. కొత్త రేకు మీద 'మేకుల మీద పరిచి చూడు' అని చెక్కాను. మైత్రి వత్తులన్నీ సరిచూసి, బాగుందని తల ఊపింది. తర్వాత బండల మీది మేకుల దగ్గర గొంతుక్కూర్చుని కాసేపు చూసింది.

"తాతా, గీ మేకులు బరాబర్ ఉన్నయని ఎవలు చెప్పిన్రు?"

కసురుదామని నోరు తెరిచాను. మూసుకుని, టేపు తేవడానికి లోపలికి పోయాను.