మస్తాన్ గారి డేగిసాకు మూత లేదు

మస్తాన్ గారు పరమపదించారన్న దుర్వార్త విని నిర్ఘాంతపోయాను. గుండెపోటట. అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి ఇన్నేళ్ళూ ఒకే కారులో నాతో ఆఫీసుకు వచ్చిన సహోద్యోగి, సహృదయుడు. ఇక ఆ పక్క సీటు ఖాళీ.

స్వస్థలం గుంటూరు. పద్యం ఎత్తుకుంటే రాగం తీయందే వదిలేవారు కాదు. ఏటా మా తెలుగు సంఘం పిక్నిక్‌కు బిర్యానీ ఆయనదే. డేగిసా మూత చుట్టూ గోధుమపిండి అతికించి, కంబళి చుట్టి, కారు వెనక సీట్లో తెచ్చేవారు. ఆకలికి ఆగలేక ఎవరైనా మూత మీద చెయ్యి వేస్తే కసిరేవారు. "మూత తీసి చూసేవాడికి బిర్యానీ దక్కదయ్యా. నమ్మి కూర్చోవాలి!"

ఒక వేసవిలో ఐరోపాలో ఏదో నగరం నడిబొడ్డున, గ్యాస్ సిలిండర్లతో నింపిన కారు బాంబు పేలకముందే దొరికింది. ఆ వారంలోనే మా పిక్నిక్. మస్తాన్ గారు పార్కులో కారు ఆపి నమాజుకు వెళ్ళారు. వెనక సీట్లో కంబళి చుట్టిన డేగిసా, పక్కన సంఘమే తెమ్మన్న గ్యాస్ సిలిండరు. పోలీసులకు ఫోన్ చేసింది ఏ తెల్లవాడో అయితే నాకింత కడుపుమంట ఉండేది కాదు. చేసినవాడు మా సంఘం కార్యదర్శి. కారు ఎవరిదో తెలియలేదన్నాడు. ఏటా ఆ కారులోంచి డేగిసా దింపింది వాడే!

నమాజు నుంచి తిరిగొచ్చిన మస్తాన్ గారిని, అంత పెద్దమనిషిని, పోలీసులు నేలమీద బోర్లా పడుకోబెట్టారు. "సర్, ఇట్స్ ఓన్లీ రైస్" అని ఆయన మొత్తుకుంటూనే ఉన్నారు. రోబోతో మూత పేల్చారు. గడ్డినిండా అన్నం. పరీక్షించాలంటూ మూత పట్టుకెళ్ళారు. పోలీసులైనా సారీ చెప్పారు. కార్యదర్శి మాత్రం "సేఫ్టీ కదండీ, పర్సనల్‌గా తీసుకోకండి" అన్నాడు.

మళ్ళీ ఆయన సంఘం గడప తొక్కలేదు. ఒకరోజు డ్రైవ్ చేస్తూ, కోపమా అని అడిగాను.

"అక్కడ పేలని బాంబు ఇక్కడ నా మీద పేలిందయ్యా. మనవాళ్ళలో ఒక్కడొచ్చి తప్పయిందంటే చాలు, రేపే వండుతా."

ఎవరూ రాలేదు. ఆయన ఎదురుచూస్తూనే పోయారు.

ఖననమయ్యాక మస్తాన్ గారింటికి వచ్చాడు కార్యదర్శి. "వదినా, సంస్మరణ సభ పెడుతున్నాం. అన్నయ్య డేగిసా ఇస్తే స్టేజి మీద పెడతాం."

మస్తాన్ గారి భార్య ఫాతిమా గారు లోపల్నుంచి తెచ్చి ముందు పెట్టారు.

"మూతేది వదినా?"

"నువ్వు పిలిచినోళ్ళే పట్టుకెళ్ళారు. పోయి తెచ్చుకో నాయనా."

అటువంటి ఉదాత్తుడు మాకు మళ్ళీ దొరకడు. దొరికినా నిలుపుకునే యోగ్యత మాకు లేదు. ఆ సభకు నేను పోను. నా అశ్రునివాళి ఇదే. మస్తాన్ గారూ, తప్పయిందన్న మాట మాత్రం ఇంకా ఎవరూ అనలేదు.