గట్టు చెమర్చితే పరుగెత్తిన మనిషి

మా పెదనాన్న పోయారు. అదీ రొయ్యల పట్టుబడి రోజు ఉదయమే. ఈ కబురు ఎవరైనా ఆయనకే చెప్పగలిగితే, "అయ్యో పాపం, కిలోకి కౌంటు ఎంతొచ్చిందేంటి?" అని అడిగి ఉండేవారు.

భీమవరం పక్కన రెండు చెరువులు, నోట్లో చుట్ట, భుజాన తువ్వాలు. ఇదీ ఆయన సామ్రాజ్యం. చెరువు గట్టు ఎక్కడైనా చెమ్మగిల్లిందని తెలిస్తే అన్నం ముందు నుంచి లేచిపోయేవారు. "గట్టు మనకి చెప్పి తెగదురా" అనేవారు. మా అక్క పెళ్లి ఫోటోల్లో ఆయన పట్టుపంచెకి జరీ అంచు కింద బురద అంచు కూడా ఉంటుంది.

మూత్రంలో మంటగా ఉందని, కిడ్నీలో రాయేమోనని స్కానింగ్ తీయిస్తే వేరేది బయటపడింది. "పొట్టలో పెద్ద రక్తనాళం బాగా ఉబ్బిందండి. నొప్పి లేదని ఊరుకోకండి, పగిలితే ఆసుపత్రికి చేరే టైమ్ కూడా ఉండకపోవచ్చు. ఆపరేషన్‌కి వెంటనే రండి" అన్నారు డాక్టరు గారు.

పెదనాన్న ఇంటికొచ్చి సుబ్బరంగా పులస పులుసు తిన్నారు.

"గట్టు చెమర్చితే పరిగెడతారు కదండీ, మరి మీ పొట్టలో గట్టు మాటేంటి?" అంది పెద్దమ్మ.

"ఆయ్, పట్టుబడి అవనీవే. నొప్పే లేదు కదా!"

నొప్పి వచ్చింది. పట్టుబడి రోజు తెల్లారగానే నడుములో మొదలైంది. వలలు లాగిస్తున్నాం కదా, పట్టేసి ఉంటుందన్నారు పెదనాన్న. మేమూ అదే అనుకుని బామ్ రాశాం, సోడా తాగించాం. అంతలో ఒళ్లంతా చల్లటి చెమటలు. కారు భీమవరం చేరకముందే పెద్దమ్మ ఒడిలో ఆయన మాట ఆగిపోయింది.

చుట్టలు, సిగరెట్లు కాల్చే పెద్దవయసు వాళ్లకి ఈ జబ్బు ఎక్కువట. ఒకరికి ఉంటే తోడబుట్టినవాళ్లు కూడా చూపించుకోవాలట. ఆ మాట పెద్దమ్మ చెవిన పడింది. అప్పుడే గడప దాటకూడదని చుట్టాలు మొత్తుకున్నా, పెద్దకర్మ మర్నాడే మా నాన్నని స్కానింగ్‌కి బయలుదేరదీసింది.

"నాకేం నొప్పి లేదు వదినా" అన్నారు నాన్న.

"మీ అన్నయ్య కూడా అదే అన్నారు. పడుకోండి" అంది పెద్దమ్మ.

మా నాన్న బనీను పైకెత్తి బుద్ధిగా పడుకున్నారు. తెర మీద బూడిదరంగులో ఓ సన్నటి గొట్టం కొట్టుకుంటోంది. "ఏమీ లేదమ్మా, మామూలుగానే ఉంది" అన్నారు డాక్టరు గారు. పెద్దమ్మ మాత్రం ఆ తెర ఆపేసేదాకా రెప్ప వేయకుండా చూస్తూనే నిలబడింది.