రంగుల కంపెనీలో సత్తమ్మ వాటా

పోశయ్య బతికున్నన్నాళ్లూ నాచారం రంగుల కంపెనీలో డబ్బాలు నింపాడు. కంపెనీ షేర్లను జనానికి అమ్మినప్పుడు కార్మికులకూ కొన్ని ఇచ్చారు. అతను పోయాక అవి భార్య సత్తమ్మ పేరు మీదికి వచ్చాయి. జనగామ నుంచి వచ్చిన ఆ సంసారం ఉప్పల్‌లో ఇల్లు కట్టుకుంది ఆ కంపెనీ జీతంతోనే. తలుపులకూ కిటికీలకూ వేసింది కంపెనీ రంగే. ఏటా వాటాదారుల సభకు పిలుపు వచ్చినా ఆమె ఎన్నడూ పోలేదు.

2008 ఎండాకాలంలో మూడేళ్ల మనవరాలు హిమజ కడుపునొప్పితో ముడుచుకుపోయింది. అన్నం ముట్టడం మానేసింది. దవాఖానాలో రక్తపరీక్ష చేయించిన డాక్టరమ్మ, పిల్ల ఏమైనా నోట్లో పెట్టుకుంటుందా అని అడిగింది. కిటికీకి పెచ్చులూడిన రంగును గిల్లి చప్పరిస్తుందని సత్తమ్మ చెప్పింది. ఆ రంగులోని సీసమే ఒంట్లో చేరిందని తేలింది. కిటికీలు తీయించి వేరేవి పెట్టించారు. పిల్ల మెల్లమెల్లగా కోలుకుంది. డాక్టరమ్మకు చేతులెత్తి మొక్కింది సత్తమ్మ. కానీ ఆ రంగు వేసిన ఇళ్లు ఇంకెన్ని ఉన్నాయోనన్న ఆలోచన ఆమెను వదల్లేదు.

ఆ ఏడు సభకు పోయింది. హబ్సిగూడ ఫంక్షన్ హాల్లో మైకు పట్టుకుంది.

"నేను పోశయ్య భార్యను. మీ రంగుల సీసం ఉన్నదట. నా మనుమరాలు సచ్చి బతికింది. అది లేకుంట జెయ్యరాదా సారూ?"

అంతా చట్టప్రకారమే చేస్తున్నామని ఛైర్మన్ మర్యాదగానే చెప్పి ముందుకు పోబోయాడు. అప్పుడు వెనక వరుసలోంచి అరుణకుమారి అనే రిటైరైన బ్యాంకు ఉద్యోగి లేచింది.

"ఈ మాట ఏటా నేనొక్కదాన్నే అడుగుతున్న. ఇయ్యాల ఇద్దరమైనం. జవాబు చెప్పండి."

ఛైర్మన్ తర్వాతి అంశం ఎత్తుకున్నాడు. వందమంది వాటాదారులు సంతకాలు పెడితే ఈ విషయాన్ని ఓటుకు పెట్టక తప్పదని బయటికి వచ్చాక అరుణకుమారి చెప్పింది. ఇద్దరూ పాత కార్మికుల ఇళ్లకు తిరగడం మొదలుపెట్టారు. చాలామంది తల అడ్డంగా ఊపారు. వాళ్ల కొడుకులు ఆ కంపెనీలోనే పనిచేస్తున్నారు మరి. పోశయ్యతో కలిసి పనిచేసిన హనుమాండ్లు కొడుకు నాగేందర్‌దీ అక్కడే ఉద్యోగం. పీర్జాదిగూడలోని తన ఇంట్లో హనుమాండ్లు వాళ్లు చెప్పిందంతా విన్నాడు.

"పోశన్న ఉంటే సంతకం పెట్టకుంట ఉండునా వదినా? తే, ఇటియ్యి," అన్నాడు.

మర్నాటి నుంచి వాళ్లను ఇంటింటికీ వెంటబెట్టుకుపోయింది అతనే.

వంద సంతకాలతో ఓటుకు వచ్చిన తీర్మానం మరుసటి సభలో వీగిపోయింది. కానీ కంపెనీలో పెద్ద వాటా ఉన్న బొంబాయి ఫండ్ ఒకటి వీళ్ల పక్షాన ఓటేసింది. దాంతో యాజమాన్యం కదిలింది. ఏడాది తిరిగేలోపు సీసం లేని రంగులు అంగళ్లకు వచ్చాయి. నాగేందర్ ఉద్యోగానికి ఏ ఢోకా రాలేదు.

హిమజను బడిలో వేసిన రోజు సత్తమ్మ అరుణకుమారినీ హనుమాండ్లునూ భోజనానికి పిలిచింది. ఆ కంపెనీ మీద కోపం లేదా అని అరుణకుమారి అడిగింది.

"మస్తు కోపమొచ్చిందమ్మా. కానీ మా ఇల్లు నిలవెట్టింది గూడ గదే. ఆలస్యమైనా మంచిగ జేసిన్రు. మీరిద్దరు లేకుంటే నా మాట ఎవరు ఇందురు?" అంటూ సత్తమ్మ ఇద్దరి విస్తళ్లలో పూర్ణం పెట్టి చేసిన బచ్చాలు వేసింది. హనుమాండ్లు చాలన్నా వినలేదు.