ఉప్పు వేయలేదు

ఆ రోజుల్లో నాకు తెలిసింది గోరంత, దాన్ని చెప్పుకునే నోరు మాత్రం తమిళనాట మా కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ దాకా ఉండేది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని మరి! ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి నార్తంగాయ తొక్క తీసుకున్నాను (పుస్తకాల తెలుగులో దబ్బకాయ). అందులో ఫ్లావనోన్లు ఉంటాయి. పురుగునీ బూజునీ తట్టుకోవడానికి చెట్టు తయారుచేసుకునే సరుకు, తొక్కకి ఆ చేదు కూడా కొంత వాటివల్లే, మన ఒంటికీ మేలంటున్నారని బస్సులో పక్కనావిడకి అడక్కుండానే చెప్పేదాన్ని. ఆవిడ దారిలో సాత్తూరు రాకముందే నిద్రపోయేది. మా అవ్వ నిద్రపోయే రకం కాదు. "చెట్టు పురుగుల్ని తరమను పెట్టుకుండేది మనకెందుకే పాపా? మనమేం పురుగులమా?" అంది.

తొక్క వారం రోజులు నీడలో ఎండాలి. ఇంటికొచ్చి కాయల్ని తెగకుండా స్ప్రింగులా చుట్టూ కోసి, గుజ్జు తీసి, చేటలో పరిచి కాలేజీకి వెళ్లిపోయాను. అలా కోయడం మా ఇళ్లలో చేతికి అలవాటు. (అలా కోసిన నార్తంగాయ కనబడితే మా వైపు ఏ ఆడమనిషైనా ఊరగాయకని ఉప్పు పట్టిస్తుందని నా సైన్సు బుర్రకి తోచలేదు.) తర్వాతి వారం అవ్వ ఇచ్చిన డబ్బాని ల్యాబులో గైడు సారు ముందు గర్వంగా తెరిచాను. తెల్లగా ఉప్పు! సారు ఒక ముక్క నోట్లో వేసుకుని, "ఇది శాంపిలా, పెరుగన్నంలోకా?" అని తమిళంలో అడిగి, రెండో ముక్క తీసుకున్నారు. "ఊరిన నీళ్లలో నీ ఫ్లావనోన్లు ఎన్ని పోయాయో! మళ్లీ చెయ్యి. పది రోజుల్లో ఇవ్వకపోతే డిగ్రీ వచ్చే ఏడే."

ఏడుస్తూ ఫోన్ చేశాను. "నా డిగ్రీకే ఉప్పేసినావే అవ్వా!"

"నువ్వే గదా సుట్టూ కోసి పెట్టి పోతివి. సదువుకునే పిల్ల, పాపం, ఉప్పు మర్సిపోయిందని నేనే రుద్దితి. బూజు పడితే?"

"బూజుని ఆపేది దాంట్లోనే ఉంది అవ్వా!"

"సెరి, ఉండనీ. ఉప్పూ ఉండనీయే."

రెండోసారి చిన్న ముక్కలుగా కోశాను. అవ్వ చేతులు చంకల్లో పెట్టుకుని, అన్నం పెట్టకుండా పడుకోబెట్టిన పిల్లల్ని చూసినట్టు వాటిని చూస్తూ కూర్చుంది. ల్యాబులో ఆ తొక్క తీసిన రసంలో మెగ్నీషియం ముక్క వేసి యాసిడ్ చుక్కలు వదలగానే గులాబీ రంగు తిరిగింది, అంటే ఫ్లావనోన్లు ఉన్నట్టే. నా కేకకి పక్క ల్యాబు వాళ్లు బీకరు పగిలిందనుకున్నారు.

వైవాకి పరీక్ష చేయడానికి వచ్చిన పెద్దాయన నా థీసిస్‌లో ఒకచోట ఆగారు. "'నీడలో ఎండబెట్టాము. ఉప్పు వేయలేదు.' ఇది ఎవరమ్మా రాస్తారు?"

"మీరు మా అవ్వని చూడలేదు సార్" అన్నాను, నోరు జారి. గైడు సారు దగ్గారు. పెద్దాయన నవ్వి సంతకం పెట్టేశారు.

పరుగున ఇంటికొచ్చి, "పాసయ్యాను అవ్వా!" అన్నాను. అవ్వ నా బుగ్గలు పుణికి, "ఉప్పు లేకుండానేనా?" అంది.

ఇప్పుడు అప్పటి నన్ను, ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది. ఒక్క గులాబీ రంగు చూసినందుకే, ఆ కాయ సంగతి ఇంట్లో అందరికంటే ముందు తనకే తెలిసిందనుకుంది.