వెనిస్‌లో శఠగోపం ఉద్యోగం

తిరుమల గుడిలో స్వామి ఎదుట ఆగిపోయే భక్తులను చేత్తో ముందుకు తోయడమే శఠగోపం ఉద్యోగం. "జరగండి, జరగండి" అని రోజంతా అనీ అనీ, ఇంట్లో పిల్లి అడ్డమొచ్చినా అదే మాట అనేవాడు.

ఎనభైనాలుగులో ఆయన భార్య కుముదవల్లి ఒక మద్రాసు పళ్లపొడి కంపెనీ పెట్టిన పోటీకి చక్కటి వాక్యం రాసి పంపింది. మొదటి బహుమతి ఆమెకే వచ్చింది. ఇద్దరికీ ఇటలీలో వెనిస్ నగరం, అక్కడ జరిగే ఆధునిక కళాప్రదర్శన చూపిస్తారట.

"పళ్లపొడికీ పడవలకీ ఏం సంబంధమే?" అన్నాడు శఠగోపం.

"పిలిచినారు, పోతాము. మీకెందుకండీ?" అన్నది ఆమె.

వెనిస్‌లో వీధులుండాల్సిన చోటల్లా కాలవలే. కుముదవల్లి పడవవాణ్ణి తెలుగులోనే అడిగింది: "ఈ కాలవ ఏ చెరువుకు పోతాదప్పా?" అతను సంతోషంగా పాట అందుకున్నాడు. "చెరువు పేరడిగితే పాడతాడేమండీ!" అని ఆమె విస్తుపోయింది.

మర్నాడు కంపెనీ మనిషి కృష్ణమూర్తి వాళ్లను ప్రదర్శనకు తీసుకుపోయాడు. మొదటి గదిలో విరిగిన కుర్చీల గుట్ట ఉంది. రెండో గదిలో గోడకు ఒక తెల్లటి గుడ్డ బిగించారు. దానిమీద గీత కూడా లేదు. దాని ముందు జనం రెప్పవేయకుండా నిలబడ్డారు. వెనకాల వరస గుమ్మం దాటిపోయింది.

శఠగోపం చెయ్యి ఊరుకోలేదు. ముందున్న దొరసాని భుజం పట్టి, "జరగమ్మా, వెనకాల జనం ఉండారు" అని తోసేశాడు. తర్వాత మరొకరిని. కాసేపట్లో వరస నీళ్లలా సాగింది. తోయించుకున్నవాళ్లు వెలిగిపోతున్న మొహాలతో మళ్లీ వెళ్లి చివర నిలబడ్డారు.

కాపలావాళ్లు పరుగెత్తుకొచ్చారు. వాళ్ల వెనకాలే ఆ గుడ్డ బిగించిన చిత్రకారుడు వచ్చి శఠగోపం చేతులు పట్టుకుని ఏడ్చాడు.

"ఏమంటాడప్పా?" అన్నాడు శఠగోపం భయంగా.

"తన బొమ్మలో ఏదో తక్కువగా ఉండాదని ఇన్నాళ్లూ అనుకుంటా ఉండాడంట. అది మీరేనంట" అన్నాడు కృష్ణమూర్తి.

ఆ రోజు నుంచి శఠగోపం పంచకచ్చం, నామంతో ఆ గదిలోనే నిలబడ్డాడు. ఈ తోపుకు అర్థమేమిటని విలేకరులు అడిగితే "వెనకాల జనం ఉండారు" అన్నాడు. దాన్ని గోడమీద పెద్దక్షరాలతో రాయించారు.

కుముదవల్లి ఒంటరిగా ఊరు తిరిగి తిరిగి విసిగిపోయి, చివరి రోజు తనూ వరసలో వచ్చింది. శఠగోపం అలవాటుగా భుజం మీద చెయ్యి వేశాడు.

"తీయండి చెయ్యి! పెండ్లయినప్పట్నుంచి కొండకు వస్తా ఉండాను. ఒక్కసారైనా నన్ను నిలబడి చూడనిచ్చినారా మీరు?"

ఆమె కదల్లేదు. వరస ఆగిపోయింది. ఏం చేయాలో తోచక శఠగోపం మొదటిసారి వెనక్కి తిరిగి ఆ తెల్లగుడ్డను చూశాడు.

"ఏం కనబడతాందే?"

"మీరు పక్కకు పోతే కదా తెలిసేది."

ఆమె తలుపులు మూసేదాకా అలాగే నిలబడింది. పత్రికలన్నీ మర్నాడు ఆమె ఫొటోయే వేశాయి.

రెండేళ్లకు ఇంకో కాలవల ఊరు ఆమ్‌స్టర్‌డామ్ నుంచి పిలుపు వచ్చింది, కుముదవల్లికి మాత్రమే. శఠగోపం సెలవు పెట్టి, ఆవకాయ జాడీ మోసుకుంటూ వెంట వెళ్లాడు. ప్రదర్శనశాల గుమ్మంలో చలికి వణుకుతూ, "ఇంకెంతసేపే?" అని అడిగాడు.

"సాయంత్రం వరకూ నాకు పని ఉండాది. మీరట్లా పోయి పడవలు చూసి రాండి" అన్నది కుముదవల్లి, గోడమీద నుంచి చూపు తిప్పకుండా.